పాత వీసీఆర్‌ను హెచ్‌డీఎమ్‌ఐ మాత్రమే ఉన్న టీవీకి కలపడం ఎలా?

టేపులపెట్టె
అందరికీ నమస్కారం. మా ఇంట్లో బాగా పాత వీహెచ్‌ఎస్ వీసీఆర్ ఒకటి, వీడియో8 క్యామ్‌కార్డర్ ఒకటి, మా తమ్ముడు చిన్నప్పుడు ఆడుకున్న గేమ్ కన్సోల్ ఒకటి ఉన్నాయి. మూడూ పనిచేసే స్థితిలోనే ఉన్నాయి. పాత డబ్బా టీవీ పోవడంతో కొత్త టీవీ వచ్చింది. దాని వెనక మూడు హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రాలు, ఒక యూఎస్‌బీ, యాంటెన్నా సాకెట్, హెడ్‌ఫోన్ పెట్టేలాంటి చిన్న గుండ్రటి రంధ్రం ఉన్నాయి. పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లు లేవు.

ఒక చివర హెచ్‌డీఎమ్‌ఐ, రెండో చివర ఆ మూడు రంగుల పిన్నులు ఉన్న కేబుల్ తెచ్చి కలిపాను. టీవీలో «సిగ్నల్ లేదు» అనే మాట తప్ప ఏమీ రావడం లేదు. మూడు పరికరాలతోనూ అదే పరిస్థితి. కేబుల్ పాడైందా, లేక టీవీలో ఏదైనా మార్చాలా?

తీగలమనిషి
కేబుల్ పాడవలేదండి. అది కొత్తగా ఉన్నా అంతే, పాతబడినా అంతే. వీసీఆర్ నుంచి టీవీకి బొమ్మ తీసుకురావడం దాని వల్ల కాదు.

పసుపు పిన్నులో వచ్చేది ఒకే ఒక వోల్టేజి. అది సుమారు ఒక వోల్టు పరిధిలో నిరంతరం పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. వెలుగు, రంగు, బొమ్మలోని ఒక్కో అడ్డగీత ఎక్కడ మొదలవుతుందో చెప్పే సింక్ గుర్తు అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. హెచ్‌డీఎమ్‌ఐలో వెళ్లేవి అంకెలు. మూడు జతల తీగల మీద డేటా, నాలుగో జత మీద క్లాక్ నడుస్తాయి. 1080పీ బొమ్మకు ఒక్కో జత మీద సెకనుకు దాదాపు 148.5 కోట్ల బిట్లు వెళతాయి. 2002 డిసెంబరులో వచ్చిన మొదటి హెచ్‌డీఎమ్‌ఐ ప్రమాణంలో కానీ, ఆ తర్వాతి వాటిలో కానీ అనలాగ్ వీడియో కోసం కేటాయించిన పిన్ను ఒక్కటీ లేదు.

తాళంలో చెవి దూరినంత మాత్రాన తాళం తెరుచుకోదు. మధ్యలో ఆ వోల్టేజిని కొలిచి అంకెలుగా మార్చే చిప్పు ఉండాలి. ఆ చిప్పుకు కరెంటు కావాలి. కాబట్టి కరెంటు ఇవ్వనక్కర్లేని «కన్వర్టర్ కేబుల్» ఎక్కడ కనిపించినా దాన్ని అక్కడే వదిలేయండి.

ఆఖరి బెంచీ
అలా అయితే కంప్యూటర్ డీవీఐ సాకెట్ నుంచి మానిటర్ వీజీఏ వైరుకు వెళ్లే చిన్న ముక్క ఎలా పనిచేస్తోంది? దానికి కరెంటూ లేదు, చిప్పూ లేదు. నేను ఆఫీసులో ఏళ్ల తరబడి వాడాను. ఒకటి డిజిటల్, ఒకటి అనలాగ్ కదా!

గీతలలెక్క
మంచి ప్రశ్న. డీవీఐ 1999లో వచ్చినప్పుడు ప్రపంచమంతా వీజీఏ మానిటర్లే ఉన్నాయి. అందుకని డీవీఐ-ఐ అనే రకంలో డిజిటల్ పిన్నుల పక్కనే అనలాగ్ పిన్నులు కూడా పెట్టారు. ఆ అడ్డ పిన్ను చుట్టూ నాలుగు చిన్న పిన్నులు కనిపిస్తాయి చూడండి, అవే. కంప్యూటర్ లోపలే అనలాగ్ సంకేతం తయారై అక్కడికి వస్తుంది, మీ చిన్న ముక్క దాన్ని వీజీఏ సాకెట్‌కు చేరవేస్తుంది, అంతే. అక్కడ మార్పిడి ఏమీ జరగడం లేదు. ఆ నాలుగు పిన్నులు లేని డీవీఐ-డీ సాకెట్‌తో ప్రయత్నిస్తే ఆ ముక్క అసలు లోపలికే దూరదు.

మరో విషయం. వీజీఏ నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి వెళ్లేదీ, హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకి వెళ్లేదీ రెండూ చూడటానికి ఒకేలా ఉండే వేర్వేరు పరికరాలు. రెండింటిలోనూ చిప్పు ఉంటుంది, ఏదీ వెనక్కి నడవదు. వీజీఏలో శబ్దం రాదు కాబట్టి దానికి వేరే వైరు వేసుకోవాలి.

నిదానం
టేపులపెట్టె గారూ, ఏదైనా కొనేముందు ఆ గుండ్రటి రంధ్రం మీద ఏం రాసి ఉందో చూడండి. చాలా కొత్త టీవీల్లో స్థలం కలిసొస్తుందని మూడు రంగుల సాకెట్లను తీసేసి ఒకే 3.5 మిల్లీమీటర్ల రంధ్రంలో కుదించారు. «ఏవీ ఇన్» అని ఉంటే సగం పని అయినట్లే. టీవీలో ఉన్న మార్పిడి చిప్పు బయట దొరికే చౌక కన్వర్టర్ పెట్టెల్లో ఉండే దానికంటే సాధారణంగా మెరుగ్గానే ఉంటుంది.

టేపులపెట్టె
ధన్యవాదాలండి. అవును, «ఏవీ ఇన్» అనే ఉంది! టీవీతో పాటు దానికి తగిన వైరు మాత్రం రాలేదు. క్యామ్‌కార్డర్‌తో వచ్చిన వైరు ఉంది. ఒక చివర నాలుగు భాగాల చిన్న పిన్ను, రెండో చివర పసుపు, తెలుపు, ఎరుపు. దాన్ని టీవీకి, వీసీఆర్‌కు కలిపాను. తెర నల్లగా ఉంది, ఎడమ స్పీకర్‌లో మాటలు బాగానే వస్తున్నాయి, కుడి స్పీకర్‌లో జుయ్యిమని ఒకటే మోత. టీవీకి ఏమైనా అవుతుందేమోనని వెంటనే తీసేశాను.

మరమ్మతు మేస్త్రి
ఏమీ కాదు, భయపడకండి. ఆ మోతే మీకు సమాధానం చెబుతోంది. మీ కుడి స్పీకర్ వీడియోను వినిపిస్తోంది.

ఆ చిన్న పిన్నును దగ్గరగా పట్టుకుని చూడండి. మూడు నల్లటి వలయాలు దాన్ని నాలుగు లోహపు భాగాలుగా విడదీస్తాయి: కొన, మొదటి పట్టీ, రెండో పట్టీ, మొదలు. ఏ భాగంలో ఏది రావాలో అన్ని కంపెనీలూ ఒకేలా పెట్టుకోలేదు. ఒక పద్ధతిలో కొన ఎడమ శబ్దం, మొదటి పట్టీ కుడి శబ్దం, రెండో పట్టీ గ్రౌండ్, మొదలు వీడియో. క్యామ్‌కార్డర్లలో తరచూ కనిపించే పద్ధతిలో మొదటి పట్టీ వీడియో, మొదలు కుడి శబ్దం. గ్రౌండ్ మాత్రం రెండింట్లోనూ రెండో పట్టీయే.

మీకు ఎడమ శబ్దం శుభ్రంగా వస్తోందంటే గ్రౌండ్ సరిపోయిందన్నమాట. ఇక తారుమారైంది పసుపు, ఎరుపు మాత్రమే. ఎర్ర పిన్నును వీసీఆర్ పసుపు సాకెట్‌లో, పసుపు పిన్నును ఎర్ర సాకెట్‌లో పెట్టండి. పిన్ను మీది రంగు ప్లాస్టిక్ మాత్రమే, లోపలి తీగకు ఆ సంగతి తెలియదు.

గ్రౌండే మొదలు భాగంలో ఉండే మూడో రకం వైర్లు కూడా ఉన్నాయి. వాటితో రంగులు ఎన్ని విధాలుగా మార్చినా పని జరగదు, వైరే మార్చాలి.

టేపులపెట్టె
వచ్చింది! ఎర్రది పసుపులో పెట్టగానే బొమ్మ వచ్చింది. మేస్త్రి గారూ, మీకు చాలా రుణపడి ఉన్నాను. క్యామ్‌కార్డర్ బొమ్మ కూడా వచ్చింది.

కానీ రెండు సమస్యలు. వీసీఆర్‌లో టేపు వేస్తే కొంతసేపు బాగా ఆడి, ఉన్నట్టుండి తెర అంతా నీలంగా మారి మళ్లీ వస్తోంది. పాత టీవీలో ఇదే టేపు కాస్త వణికేది కానీ బొమ్మ పూర్తిగా పోయేది కాదు. రెండోది, బొమ్మ అడుగున ఒక సన్నటి చెదిరిన పట్టీ కనిపిస్తోంది. వీసీఆర్ అరిగిపోయిందా?

గీతలలెక్క
అడుగు పట్టీ సంగతి ముందు చెబుతాను, తేలిక కాబట్టి. వీహెచ్‌ఎస్ వీసీఆర్‌లో తిరిగే డ్రమ్ము మీద ఎదురెదురుగా రెండు హెడ్లు ఉంటాయి. ఒకటి ఒక ఫీల్డును (గీత విడిచి గీతతో ఏర్పడే సగం బొమ్మను), రెండోది తర్వాతి ఫీల్డును చదువుతాయి. మన దేశపు అనలాగ్ టీవీ పద్ధతి అయిన పాల్‌లో డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు, అమెరికా, జపాన్‌ల పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 1800 సార్లు తిరుగుతుంది. ఒక హెడ్డు నుంచి మరో దానికి మారే క్షణం ప్రతి ఫీల్డు అడుగున ఉంటుంది. ఆ చెదిరిన గీతలు అవే. పాత గాజు టీవీలు బొమ్మను తెర అంచు దాటేలా పెద్దది చేసి చూపేవి కాబట్టి అది దాగిపోయేది. కొత్త టీవీ అంచు దాకా నిజాయితీగా చూపిస్తోంది. ఇది రోగం కాదు.

ఇక నీలి తెర. పాల్‌లో ఒక గీతకు 64 మైక్రోసెకన్లు, ఎన్‌టీఎస్‌సీలో సుమారు 63.5. టేపు సాగుతుంది, ముడతపడుతుంది, డ్రమ్ము వేగంలో చిన్న తేడాలు వస్తాయి. దాంతో ఒక గీత కాస్త ముందుగా, మరొకటి కాస్త ఆలస్యంగా వస్తుంది. గాజు టీవీలోని ఎలక్ట్రాన్ కిరణం ఆ సింక్ గుర్తు వెంటే పరిగెత్తేది. గుర్తు అటూ ఇటూ అయితే కిరణమూ అటూ ఇటూ అయ్యేది. మీకు కనిపించిన వణుకు అదే. డిజిటల్ చిప్పు అలా కాదు. అది ప్రతి గీతనూ సెకనుకు 1.35 కోట్ల సార్లు కొలుస్తూ, పాల్ గీతకు 864, ఎన్‌టీఎస్‌సీ గీతకు 858 నమూనాలు రావాలని లెక్క పెట్టుకుని కూర్చుంటుంది. లెక్క బాగా తప్పితే «ఇది వీడియోయే కాదు» అని తీర్మానించి నీలం చూపిస్తుంది.

దీనికి అసలైన మందు టైమ్ బేస్ కరెక్టర్. గీతలను జ్ఞాపకంలో పట్టి ఉంచి, సరైన సమయానికి ఒక్కొక్కటే విడిచిపెట్టే పరికరం అది.

నిదానం
ఆ మందు చాలా ఖరీదైనదీ, అరుదైనదీ కూడా. అంత దూరం వెళ్లేముందు చేయాల్సిన చిన్న పనులున్నాయి. వీసీఆర్ మీద ట్రాకింగ్ మీట ఉంటే సరిచేయండి. టేపును ఒకసారి చివరి వరకూ తిప్పి వెనక్కి తేండి. హెడ్లు శుభ్రం చేసి ఎంతకాలమైంది?

మరమ్మతు మేస్త్రి
శుభ్రం చేసేటప్పుడు ఒక జాగ్రత్త. మొదట కరెంటు తీసేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి తోలు ముక్కను డ్రమ్ము పక్కన కదలకుండా ఆనించి పట్టుకుని, రెండో చేత్తో డ్రమ్మునే మెల్లగా తిప్పండి. తోలును పైకీ కిందికీ రుద్దితే హెడ్డు కొన విరుగుతుంది. అది కంటికి సరిగ్గా కనిపించనంత చిన్నది, విరిగితే డ్రమ్మే మార్చాలి. దూది పుల్లలు వాడవద్దు, నూలు పోగులు హెడ్డుకు చిక్కుకుంటాయి.

టేపు చుట్ట అంచు మీద తెల్లటి బూజులాంటిది కనిపిస్తే ఆ టేపును వీసీఆర్‌లో పెట్టకండి. ఆ బూజు హెడ్ల మీదికి చేరి, అక్కడి నుంచి మిగతా టేపులకూ అంటుకుంటుంది.

టేపులపెట్టె
హెడ్లు శుభ్రం చేశాను, బొమ్మలో చుక్కలు చాలా తగ్గాయి. నీలి తెర తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. బూజు లేదు, చూశాను.

తీగలమనిషి
మధ్యలో డీవీడీ రికార్డర్ పెట్టి చూడండి. రికార్డ్ చేయడానికి కాదు. వీసీఆర్ అవుట్‌పుట్‌ను రికార్డర్ ఇన్‌పుట్‌కు, రికార్డర్ అవుట్‌పుట్‌ను టీవీకి ఇవ్వడమే. కొన్ని రికార్డర్లు లోపలికి వచ్చిన బొమ్మను ఎలాగూ అంకెలుగా మార్చి, గీతలను సర్దుకుని, మళ్లీ బయటికి పంపుతాయి. టేపులను డిజిటల్ చేసుకునే వాళ్లలో పానాసోనిక్ డీఎమ్‌ఆర్-ఈఎస్10, ఈఎస్15 ఈ పనికే పేరు తెచ్చుకున్నాయి. అన్ని రికార్డర్లూ ఇలా చేయవు, కొన్ని సంకేతాన్ని ఉన్నదున్నట్టు పంపేస్తాయి. ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చి పరీక్షించడం మేలు.

పిక్సెల్ పిచ్చి
గేమ్ కన్సోల్ సంగతి ఎవరూ మాట్లాడటం లేదు! వీసీఆర్‌కు సరిపోయింది కన్సోల్‌కు సరిపోదు. నా కన్సోల్‌ను చౌక రకం కన్వర్టర్ పెట్టెతో కలిపితే బొమ్మ నీళ్లలో నానినట్టు వచ్చింది, మీట నొక్కిన తర్వాత ఎప్పటికో దూకేది. ఇలాంటి పెట్టెలన్నీ చెత్త. కొంటే మంచి స్కేలర్ (బొమ్మను కొత్త టీవీ పరిమాణానికి పెంచే పెట్టె) కొనాలి, లేకపోతే గాజు టీవీ వెతుక్కోవాలి.

నిదానం
అన్నీ చెత్త అనడం అన్యాయం. పెళ్లి వీడియో చూసుకునే వారికి ఆలస్యంతో పనేమిటి? శబ్దమూ బొమ్మా రెండూ ఒకే పెట్టె గుండా వెళితే రెండూ కలిసే ఆలస్యమవుతాయి, తేడా తెలియదు. ఎవరికి ఏం కావాలో చూసి చెప్పాలి.

పిక్సెల్ పిచ్చి
సరే, వీడియోలకు ఒప్పుకుంటాను. ఆటలకు మాత్రం ఒప్పుకోను. కారణం ఆలస్యం ఒక్కటే కాదు. గీతలలెక్క గారూ, 240పీ గురించి మీరే చెప్పండి, నేను చెబితే కోపం ఎక్కువవుతుంది.

గీతలలెక్క
చెబుతాను. మామూలు ఎన్‌టీఎస్‌సీ టీవీ సంకేతంలో ఒక్కో ఫీల్డుకు 262.5 గీతలు. ఆ అర గీత వల్లే ఒక ఫీల్డు గీతలు మరో ఫీల్డు గీతల మధ్య కూర్చుంటాయి, రెండూ కలిసి 480ఐ బొమ్మ అవుతుంది. 1980ల, 1990ల మొదటి భాగపు కన్సోళ్లు ఆ అర గీతను వదిలేసి 262 గీతలే పంపాయి. అందువల్ల ప్రతి ఫీల్డూ అదే చోట పడుతుంది. అంటే సెకనుకు దాదాపు 60 సంపూర్ణమైన బొమ్మలు. దీన్నే 240పీ అంటారు. గాజు టీవీకి ఈ తేడాతో పని లేదు.

కన్వర్టర్‌లోని చౌక చిప్పు మాత్రం దీన్ని కూడా 480ఐ అనుకుని, పక్కపక్క ఫీల్డులను ఒకటిగా కుట్టే ప్రయత్నం చేస్తుంది. వేగంగా కదిలే బొమ్మ అంచుల మీద దువ్వెన పళ్లలాంటి గీతలు అందుకే. ఇంకో వింత కూడా జరుగుతుంది. పాత ఆటల్లో నీడను పారదర్శకంగా చూపడానికి దాన్ని ఒక ఫ్రేములో గీసి, తర్వాతి ఫ్రేములో వదిలేసేవారు. ఈ కుట్టుడు వల్ల ఆ నీడ చారలుగా కనిపిస్తుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. దెబ్బ తగిలిన పాత్ర మిణుకుమిణుకుమనడానికి బదులు కనిపించకుండా పోవడమూ ఇంతే.

ఆలస్యం లెక్క కూడా చూడండి. 60 హెర్ట్జ్‌లో ఒక ఫీల్డుకు 16.7 మిల్లీసెకన్లు. కుట్టడానికి కనీసం ఒక ఫీల్డు వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాత పరిమాణం పెంచాలి, ఆ పైన టీవీ తన వంతు సమయం తీసుకుంటుంది.

పిక్సెల్ పిచ్చి
అదీ సంగతి. అందుకే లైన్ డబ్లర్లు వచ్చాయి. ఓఎస్‌ఎస్‌సీ అనే దాంట్లో మొత్తం ఫ్రేమును దాచుకోవడం ఉండదు. వచ్చిన గీతను వచ్చినట్టే రెండుసార్లో, నాలుగుసార్లో పంపేస్తుంది, ఆలస్యం కొన్ని గీతలకు మించదు. అయితే దానికి ఆర్‌జీబీ స్కార్ట్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పంపే వెడల్పాటి సాకెట్), కాంపోనెంట్ (ఆకుపచ్చ, నీలం, ఎరుపు సాకెట్లు), వీజీఏల్లో ఏదో ఒకటి కావాలి, పసుపు పిన్ను నేరుగా పెట్టడం కుదరదు. పసుపు పిన్ను, ఎస్-వీడియో (వెలుగు, రంగు విడిగా పంపే గుండ్రటి సాకెట్) మాత్రమే ఉన్నవారికి రెట్రోటింక్-2ఎక్స్ ప్రో నప్పుతుంది. ఇలా గీతలను గుణించి పంపే సంకేతాన్ని కొన్ని టీవీలు ఒప్పుకోవు, అది ముందే తెలుసుకోండి. టీవీలో గేమ్ మోడ్ వేయడం మరవకండి.

తుపాకీతో కాల్చే ఆటలు మాత్రం ఏ స్కేలర్‌తోనూ ఆడవు. ఆ తుపాకీ గాజు తెర మీద కిరణం ఇచ్చే మెరుపును ఆ క్షణంలోనే పసిగట్టాలి. ఎల్‌సీడీ తెర ఆ మెరుపును అలా, ఆ సమయానికి ఇవ్వదు.

టేపులపెట్టె
తుపాకీ ఉంది మా దగ్గర! సరే, తమ్ముడికి ఈ వార్త మెల్లగా చెబుతాను. కన్సోల్‌ను ప్రస్తుతానికి ఏవీ ఇన్‌లోనే పెడతాం, అతనికి నచ్చకపోతే అప్పుడు ఆలోచిస్తాం.

వానచినుకు
ఈ చర్చలోకి నేనూ వస్తున్నాను. మా టీవీలో ఆ గుండ్రటి రంధ్రం కూడా లేదు, హెచ్‌డీఎమ్‌ఐ ఒక్కటే. అంటే కన్వర్టర్ పెట్టె తప్పదు. ఏం చూసి తీసుకోవాలి? ఒక దాని మీద 720, 1080 అని మీట ఉంది. 1080లో పెడితే టేపు స్పష్టత పెరుగుతుందా?

తీగలమనిషి
పెరగదు. వీహెచ్‌ఎస్ టేపు అడ్డంగా ఇచ్చే స్పష్టత సుమారు 240 గీతలు. లేనిదాన్ని ఏ పెట్టె పుట్టించగలదు? మీ టీవీ ఏ స్థానంలో తక్కువ అల్లరి చేస్తుందో ఆ స్థానంలో ఉంచండి.

ఎంచుకునేటప్పుడు మొదట దిశ చూడండి. పెట్టె మీద ఏవీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి అని ఉండాలి. హెచ్‌డీఎమ్‌ఐ నుంచి ఏవీకి అన్నది దాని కవల, అదే రంగు, అదే పరిమాణం, పని మాత్రం పూర్తిగా తలకిందులు. సాకెట్ల దగ్గర ఇన్‌పుట్, అవుట్‌పుట్ అనే మాటలు చదవకుండా తీసుకోకండి.

తర్వాత మీ పరికరంలో పసుపు కంటే మెరుగైన దారి ఉందేమో చూడండి. నాలుగు పిన్నుల గుండ్రటి ఎస్-వీడియో ఉంటే ఆ ఇన్‌పుట్ ఉన్న పెట్టెనే తీసుకోండి. పసుపు తీగలో వెలుగు, రంగు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాటిని విడదీసేటప్పుడే అంచుల మీద చుక్కలు పాకడం, సన్న గళ్ల చొక్కా మీద ఇంద్రధనుస్సు కనిపించడం జరుగుతాయి. ఎస్-వీడియోలో రెండూ వేర్వేరు తీగల్లో వస్తాయి.

గీతలలెక్క
ఎస్-వీడియో ఎప్పుడూ మెరుగని గుడ్డిగా నమ్మకండి, టేపు మీదో డిస్కు మీదో సరుకు ఎలా దాచారో చూడాలి. వీహెచ్‌ఎస్ టేపు మీద వెలుగు, రంగు విడివిడిగానే ఉంటాయి, కాబట్టి ఎస్-వీడియో ఉన్న వీసీఆర్‌తో లాభం ఉంటుంది. లేజర్‌డిస్కులో మాత్రం రెండూ కలిసిన సంకేతమే డిస్కు మీద ఉంటుంది. అక్కడ ప్లేయర్ విడదీసినా, టీవీ విడదీసినా ఎవరో ఒకరు విడదీయాల్సిందే, ఎవరి దగ్గర మంచి ఫిల్టర్ ఉంటే వారికి వదిలేయాలి. డీవీడీలో మొదటి నుంచీ విడివిడిగానే ఉంటుంది కనుక ఆకుపచ్చ, నీలం, ఎరుపు కాంపోనెంట్ దారే మేలు.

వానచినుకు
పెట్టెను టీవీ యూఎస్‌బీకి కలిపితే చాలా? హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌లో కూడా 5 వోల్టులు ఉంటాయని చదివాను, అది సరిపోదా?

మరమ్మతు మేస్త్రి
హెచ్‌డీఎమ్‌ఐలోని 5 వోల్టులను ఇచ్చేది బొమ్మ పంపే పరికరం, టీవీ కాదు. ఇక్కడ పంపేది మీ పెట్టే కాబట్టి అది ఎదురు ఇవ్వాలి, తీసుకునే వీల్లేదు. పైగా ప్రమాణం ప్రకారం అక్కడ ఇవ్వాల్సింది కనీసం 55 మిల్లీఆంపియర్లే, చిప్పును నడిపేంత కాదు. టీవీ యూఎస్‌బీ సరిపోతుంది. టీవీ ఆపగానే పెట్టె కూడా ఆగుతుంది, అది సౌకర్యమే. ఫోను చార్జర్‌తో నడిపినప్పుడు బొమ్మలో ఏటవాలు గీతలు పాకినా, శబ్దంలో గుయ్యిమని మోత వచ్చినా చార్జర్ మార్చి చూడండి.

ఆఖరి బెంచీ
నా డీవీడీ ప్లేయర్‌ను కన్వర్టర్‌కు కలిపితే నలుపు తెలుపు బొమ్మ వస్తోంది. ప్లేయర్ పోయిందనుకోవాలా?

తీగలమనిషి
ప్లేయర్ ఆకుపచ్చ సాకెట్ నుంచి తీసి కన్వర్టర్ పసుపులో పెట్టారా? కాంపోనెంట్‌లో ఆకుపచ్చ తీగ వెలుగును మాత్రమే మోస్తుంది, రంగు మిగతా రెండింటిలో ఉంటుంది. పసుపు నుంచి పసుపుకే కలిపి ఉంటే, కలర్ పద్ధతి చూడండి. ఎన్‌టీఎస్‌సీ రంగు 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర, పాల్ రంగు 4.43 దగ్గర ఉంటుంది. 60 హెర్ట్జ్ బొమ్మకు పాల్ రంగు తగిలించి పంపే పాల్60 అనే మిశ్రమాన్ని కొన్ని పెట్టెలు గుర్తించలేవు, రంగు వదిలేసి బొమ్మ చూపిస్తాయి. ప్లేయర్ మెనూలో పాల్ లేదా ఎన్‌టీఎస్‌సీ అని గట్టిగా పెట్టేయండి.

అదే మెనూలో ప్రోగ్రెసివ్ అనేది ఉంటే ఆపండి. కొన్ని ప్లేయర్లలో అది వేస్తే పసుపు అవుట్‌పుట్ నోరు మూసుకుంటుంది.

ఆఖరి బెంచీ
అవును, ఆకుపచ్చలోనే పెట్టాను. పసుపుకు మార్చాక రంగు వచ్చింది. బ్లూరే ప్లేయర్‌తో కాంపోనెంట్ వాడుకోవచ్చా?

గీతలలెక్క
మీ ప్లేయర్ ఎప్పుడు తయారైందన్న దాని మీద ఆధారపడుతుంది. బ్లూరే రక్షణ వ్యవస్థ ఏఏసీఎస్ నిబంధనల ప్రకారం 2010 తర్వాత తయారైన ప్లేయర్లు ఆ రక్షణ ఉన్న డిస్కులను అనలాగ్‌లో 480ఐ లేదా 576ఐకి మించి ఇవ్వకూడదు, 2013 తర్వాతి వాటిలో అనలాగ్ వీడియో అవుట్‌పుట్ ఉండకూడదు. దాంట్లో హెచ్‌డీఎమ్‌ఐ ఉంటుంది కదా, ఈ తిప్పలు దానికెందుకు?

రాగితీగ
నా దగ్గర 1980ల నాటి హోమ్ కంప్యూటర్ ఉంది. పసుపు కూడా లేదు, యాంటెన్నా వైరు ఒక్కటే. కొత్త టీవీ యాంటెన్నా సాకెట్‌లో పెట్టి వెతికిస్తే ఏమీ దొరకడం లేదు.

మరమ్మతు మేస్త్రి
మీ టీవీ ట్యూనర్ అనలాగ్ చానెళ్లను వదిలేసి డిజిటల్‌వే వెతుకుతోందేమో, సెట్టింగుల్లో అనలాగ్ వెతుకులాట అనేది ఉందేమో చూడండి. లేకపోతే ఈ చర్చ మొదలుపెట్టిన వారిలా ఒక వీసీఆర్ సంపాదించండి. కంప్యూటర్ వైరును వీసీఆర్ యాంటెన్నా ఇన్‌పుట్‌లో పెట్టి, వీసీఆర్ ట్యూనర్‌తోనే పట్టండి. ఎన్‌టీఎస్‌సీ యంత్రాలైతే ఎక్కువగా 3 లేదా 4వ చానెల్, పాల్ యంత్రాల్లో చాలా వాటికి యూహెచ్‌ఎఫ్ 36 పరిసరాలు. బొమ్మ చిక్కాక వీసీఆర్ పసుపు సాకెట్ నుంచి కన్వర్టర్‌కు. టేపు భాగం చెడిపోయిన వీసీఆర్ అయినా పర్వాలేదు, ట్యూనర్ ఉంటే చాలు.

నిదానం
టేపులపెట్టె గారూ, మీ క్యామ్‌కార్డర్ వీడియో8 (అనలాగ్ టేపు రకం) అన్నారు కాబట్టి ఏవీ దారే మీకు గతి. ఇది చదివే మిగతావారు గమనించండి, మీది డిజిటల్8 లేదా మినీడీవీ అయితే పసుపు పిన్ను జోలికి వెళ్లకండి. టేపు మీద ఉన్నవే అంకెలు. ఫైర్‌వైర్ (క్యామ్‌కార్డర్‌ను కంప్యూటర్‌కు కలిపే డిజిటల్ తీగ) ద్వారా వాటిని అలాగే కంప్యూటర్‌లోకి దించుకుని, ఆ ఫైలును టీవీలో చూడండి. అనలాగ్‌కు మార్చి మళ్లీ డిజిటల్ చేయడం అనవసరంగా రెండుసార్లు పాడుచేయడమే. చాలా డిజిటల్8 క్యామ్‌కార్డర్లు పాత వీడియో8, హై8 టేపులను కూడా ఆడించి ఫైర్‌వైర్‌లో పంపగలవు, అలాంటిది అరువు దొరికితే మీకూ పనికొస్తుంది.

టేపులపెట్టె
డీవీడీ రికార్డర్ ఒకటి అరువు దొరికింది. తీగలమనిషి గారు చెప్పిన నమూనా కాదు, వేరేది. మధ్యలో పెట్టగానే నీలి తెర ఆగిపోయింది, టేపు మొదటి నుంచి చివరి దాకా ఆడింది. ముడతపడిన చోట మాత్రం బొమ్మ క్షణంపాటు నిలిచిపోయి మళ్లీ కదులుతోంది. దానికి హెచ్‌డీఎమ్‌ఐ అవుట్‌పుట్ కూడా ఉంది, అందుకే టీవీకి దాని నుంచే ఇచ్చాను.

ఒక్కటే ఇబ్బంది. అందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. ఏవీ ఇన్‌లో 4:3 అని పెట్టుకోగలిగాను, ఇప్పుడు టీవీ మెనూలో ఆ ఎంపిక మసకబారి నొక్కడానికి వీలు కావడం లేదు.

గీతలలెక్క
రికార్డర్ 1080లో పంపుతోంది, 1080 అంటే 16:9 అనే టీవీ లెక్క, అందుకే ఆ ఎంపికను మూసేసింది. రికార్డర్ మెనూలో హెచ్‌డీఎమ్‌ఐ రిజల్యూషన్‌ను 480పీ లేదా 576పీకి దించండి. అప్పుడు చాలా టీవీల్లో 4:3 మళ్లీ తెరుచుకుంటుంది. అదే మెనూలో టీవీ ఆకారం అనే చోట 16:9 ఉంచి, 4:3 బొమ్మకు పక్కల నల్ల పట్టీలు వేసే ఎంపిక ఉంటే రిజల్యూషన్ కూడా మార్చనక్కర్లేదు. మొదట అది వెతకండి.

టేపులపెట్టె
పట్టీల ఎంపిక దొరికింది. అందరూ సన్నబడ్డారు.